తిరిగి అడిగిన బహుమానం

పుస్తకాల దుకాణంలో పనిచేసేవాళ్ళు అక్కడి పుస్తకాలన్నీ చదివే ఉంటారని అనుకుంటున్నారా? అయితే మీరింకా ఏ దుకాణంలోనూ పనిచేసి ఉండరు. నేను వనపర్తిలో ఒక క్రైస్తవ పుస్తకశాలలో పాతికేళ్ళకు పైగా పనిచేశాను. పుస్తకాల దుమ్ము దులిపాను, అట్టలు వేశాను, చెదలు పట్టకుండా వేపాకు పెట్టాను, వర్షానికి తడిసినవాటిని ఎండబెట్టి ఇస్త్రీ కూడా చేశాను. అన్నీ చదవడానికి మాత్రం రిటైరయ్యేదాకా తీరిక దొరకలేదు.

ఇప్పుడు అలాంటి దుకాణాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఫోన్ చేసి అడుగుతుంటారు. "ఆంటీ, మన దగ్గర పాత నవలలు పెట్టొచ్చా? పెద్ద పేరున్నవే. కానీ అందులో పాస్టర్లను ఎగతాళి చేస్తే? చెడ్డ మాటలుంటే? కొనేవాళ్ళు గొడవ చేస్తే?" అని. దానికి నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు, జరిగిన సంగతి ఒకటి ఉంది. తప్పు చేసింది నేనే కాబట్టి ఎవరికీ భయపడకుండా చెప్పగలను.

మాది పెద్ద దుకాణమేమీ కాదు. చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి పెట్టుకున్నది. పరిశుద్ధ గ్రంథాలు, పాటల పుస్తకాలు, వాక్యం రాసిన కాలెండర్లు, బాప్తిస్మం సర్టిఫికెట్లు ఉండేవి. వారంలో ఒకరోజు గద్వాలకు, ఒకరోజు నాగర్‌కర్నూలుకు రెండు అట్టపెట్టెలు పట్టుకుని బస్సులో వెళ్ళి, అక్కడి చర్చి ఆవరణలో బల్ల వేసుకుని అమ్మేదాన్ని. ఆ దారిలో తిరిగే కండక్టర్లందరికీ నేను 'పుస్తకాలక్క'ను. నా పెట్టెలకు వెనక సీటు కింద ఎప్పుడూ చోటుండేది.

దుకాణం మీద ముగ్గురు పెద్దల కమిటీ ఉండేది. అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు గారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, మాటకు ముందు ఒక దగ్గు. కూలి కుటుంబంలో పుట్టి, తన దళితవాడలో అందరికంటే ముందు పది పాసైన మనిషి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు మా ఊళ్ళో లేరు. దుకాణానికి ఒక నియమం పెట్టింది కూడా ఆయనే. కొత్త పుస్తకం ఏదొచ్చినా, అల్మారా ఎక్కకముందే ఎవరో ఒకరు మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఆ తర్వాత ఒక నోటుబుక్కులో పుస్తకం పేరు రాసి, 'చదివాను, అభ్యంతరం లేదు' అని సంతకం పెట్టాలి. "పరీక్ష పెట్టకుండా ఎవర్నీ పాస్ చెయ్యొద్దమ్మా" అనేవారు.

చదవాల్సినవాళ్ళలో ఒకరికి చూపు ఆనదు, ఇంకొకరికి తీరదు. చివరికి ఆ పని నా నెత్తినే పడింది. నేనూ కొన్నాళ్ళు నిజంగానే చదివాను. ప్రసంగాల పుస్తకాలు పది చదివాక పదకొండోది చదవకుండానే తెలిసిపోతుందని నాకొక ధీమా వచ్చింది. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఒక డిసెంబరు మొదట్లో హైదరాబాదు నుంచి పార్సిలు వచ్చింది. లారీవాడు ఎప్పటిలాగే కొత్తకోటలో హైవే మీద దించేసి పోయాడు. ఆటోలో వేసుకొచ్చి కట్టలు విప్పితే కాలెండర్లతో పాటు ఒక పాత తెలుగు నవల ప్రతులు కొన్ని కనిపించాయి. ఎప్పుడో మా తాతల కాలంలో వచ్చిన నవల, మళ్ళీ అచ్చువేశారట. చాలా పేరున్నదట, భక్తి పుస్తకాల దుకాణాల్లో కూడా ఉండాల్సినదట. అట్ట మీద మట్టిగోడల చర్చి, గంట, వెనకాల సూర్యుడు. ఇంత చక్కటి బొమ్మ ఉన్న పుస్తకంలో చెడు ఏముంటుంది అనుకున్నాను.

ఆ వారమే స్త్రీల సమాజాల వాక్య కంఠస్థ పోటీ. మూడు జిల్లాల సంఘాల నుంచి ఆడవాళ్ళు వచ్చి, చూడకుండా వాక్యాలు అప్పజెప్పే పోటీ. బహుమానాలు మా దుకాణం నుంచే వెళ్ళాలి. ప్రథమ బహుమానం కాస్త లావుగా కనబడాలి కదా. ఆ నవల లావు చూశాను, లోపల చూడలేదు. నోటుబుక్కులో 'చదివాను, అభ్యంతరం లేదు' అని రాసి సంతకం గీకేసి, చుట్టడానికి మెరుపు కాగితంతో సహా పోటీకి పట్టుకెళ్ళాను.

ఆ బహుమానం గెలుచుకున్నది పాన్‌గల్ వైపు ఊరి నుంచి వచ్చిన ఒక కూలి మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. సగం జీవితం పూణేలో ఇళ్ళు కట్టే పనుల్లో ఇటుకలు మోసింది. నలభై దాటాక స్త్రీల సమాజంలోనే అక్షరాలు నేర్చుకుంది. అలాంటిది డిగ్రీ చదివే ఆడపిల్లలను పక్కకు నెట్టి, ఒక పెద్ద అధ్యాయం మొత్తం ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. హెడ్మాస్టరు గారు మొదటి పేజీలో ఆమె పేరు రాసి సంతకం పెట్టారు, నేను మెరుపు కాగితంలో చుట్టాక ఆయనే బహుమానం ఇచ్చారు. ఆమె ఆ పొట్లాన్ని గుండెకు హత్తుకుని వేదిక దిగి, నేరుగా నా దగ్గరికొచ్చింది.

"అక్కా, గిది ఇప్పుడే ఇప్పాల్నా, ఇంటికి పోయినంక ఇప్పొచ్చా?"

"నీ ఇష్టం చెల్లె."

"అయితె ఇంటికి పోయినంకనే. మా వాడోళ్ళు జూడాలె."

తర్వాత నెలన్నర ఏ గొడవా లేదు. మిగిలిన ప్రతుల్లో నాలుగైదు అమ్ముడయ్యాయి. ఒకటి మా కమిటీలోనే ఉన్న బిజినేపల్లి పాస్టరుగారు కొన్నారు. భారీ మనిషి, మంచి మనిషి, గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. జనవరి చివర్లో ఒకరోజు ఆయన ఆ పుస్తకం పట్టుకుని దుకాణంలోకి దూసుకొచ్చారు.

"ఏందక్కా గిది? నన్ను జూసి రాసిన్రా ఏంది?"

"ఏమైంది అయ్యగారూ?"

"గిండ్ల ఉపదేశి ఒకడున్నడు. ఇంటింటికి పోయి కోడికాలు ఏరుకోని తింటడట! కూర వాసన మంచిగుంటె ప్రార్థన పొడుగు జేస్తడట! పప్పైతె రెండు ముక్కల్లనే ఆమెన్ అంటడట! గిది దైవసేవకులను ఇజ్జత్ తీసుడు గాదా?"

ఉపదేశి అంటే పాతకాలంలో పల్లె సంఘాల్లో వాక్యం చెప్పే చిన్న సేవకుడు. బిజినేపల్లి పాస్టరుగారికి కోడికాలు అంటే ఎంత ప్రీతో ఆ చుట్టుపక్కల ప్రతి ఇల్లాలికీ తెలుసు. నవ్వు ఆపుకోవడానికి నేను బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగాల్సి వచ్చింది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆయన అప్పటికే ఒక పేజీ ఫొటో తీసి పాస్టర్ల వాట్సాప్ గుంపులో పెట్టేశారు. ఆ పేజీలో కోడికాలు ఒక్కటే కాదు. కింది సగంలో పటేలు జీతగాడు వాడవాళ్ళను కులం పేరుతో తిట్టిన మాట ఒకటి ఉంది. ఆ రోజుల్లో అనేవాళ్ళు కాబట్టి ఆ రచయిత ఉన్నదున్నట్టు రాశాడు. సాయంత్రానికల్లా గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి ఫోన్లు. 'గిసుంటి పుస్తకం మీరే అమ్ముతరా?' అని.

మర్నాడు హెడ్మాస్టరు గారు వచ్చారు. దగ్గారు. నోటుబుక్కు తెమ్మన్నారు. నా సంతకం మీద వేలుపెట్టి, "సదివినవా అమ్మా?" అన్నారు.

"లేదు సార్."

ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది. గొంతు పెంచకుండానే చెప్పారు. "గా మాటతోనే నన్ను ఎనిమిదేండ్లప్పుడు బడిలకెళ్ళి ఎల్లగొట్టిన్రు. నా పలక గూడ బైట పారేసిన్రు. గా మాట ఇయ్యాల మన దుకాణంల, మన చేతులతోని అమ్ముతున్నమా?"

నేనూ అలాంటి వాడ మనిషినే. ఆ మాట నేనూ పడ్డాను. అందుకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పాస్టరుగారి కోపానికి నవ్వొచ్చింది కానీ, ఈయన బాధకు ఎవరైనా ఏం సమాధానం చెబుతారు? పిల్లలూ, ఒకటి గుర్తుపెట్టుకోండి. పుస్తకం మీద అభ్యంతరం చెప్పేవాళ్ళందరినీ ఒక్క గాటన కట్టేయకండి. కొందరికి అహం దెబ్బతింటుంది, కొందరికి పాత గాయం రేగుతుంది.

ఆయన తీర్పు రెండు ముక్కల్లో చెప్పారు. అమ్మిన ప్రతులన్నీ వెనక్కి తెప్పించాలి, పోటీలో ఇచ్చింది కూడా. శనివారం కమిటీ కూర్చుంటుంది, ఆ తర్వాత దుకాణంలో నవల అనేదే ఉండదు. నేను ఉంటానో లేదో కూడా ఆ రోజే తేలుతుందని ఆయన అనలేదు, నాకు అర్థమైంది.

కొన్నవాళ్ళు మారుమాట్లాడకుండా ఇచ్చేశారు. బహుమానం ఒక్కటే మిగిలింది. బదులుగా బంగారురంగు అట్ట ఉన్న ఒక భక్తి పుస్తకం, దానికి తోడు ఒక స్టీలు డబ్బా పట్టుకుని పాన్‌గల్ బస్సెక్కాను. దారంతా ఎలా అడగాలో పాఠం వల్లెవేసుకున్నాను.

ఆమె ఇంట్లో లేదు, చేనులో ఉందన్నారు. పల్లికాయ పీకిన రోజులు. చెట్ల కుప్ప చుట్టూ పది మంది ఆడవాళ్ళు కూర్చుని కాయలు తెంపుతున్నారు. కుప్ప పక్కన బహుమానం గెలిచిన మా చెల్లె కూర్చుని, కూడబలుక్కుంటూ గట్టిగా పుస్తకం చదువుతోంది. ఆమె వంతు కాయలు పక్కనున్నవాళ్ళు తెంపుతున్నారు. అది వాళ్ళలో వాళ్ళు చేసుకున్న ఒప్పందం.

"జర జల్ది సదువే! ఆడు కోడిని పట్టిండా లేదా?" అంది ఒకామె.

"అచ్చరాలు ఉరుకుతయా? ఆగు జర" అని ఈమె.

నన్ను చూసి జరిగి చోటిచ్చారు. నేనూ కూర్చుని కాయలు తెంపుతూ విన్నాను. ఇరవైయేళ్ళకు పైగా పుస్తకాలు అమ్మిన మనిషిని, నేను చదివానని సంతకం పెట్టిన నవలను మొదటిసారి వినడం ఆ పల్లికాయల కుప్ప దగ్గర. ఉపదేశి కూర వాసన పట్టే చోట అందరితోపాటు నేనూ కడుపుబ్బ నవ్వాను. అంత సంతోషంగా ఎవరైనా పుస్తకం వింటుండగా నా జన్మలో చూడలేదు. అది వాళ్ళకు రెండోసారి చదవడమని తర్వాత తెలిసింది.

ఇక ఆలస్యం చేస్తే అడగలేనని, ఉన్న విషయం చెప్పేశాను. నవ్వులు ఆగిపోయాయి.

"బహుమానం ఇచ్చినంక మల్ల ఎవరన్న అడుగుతరా అక్కా?"

"ఇంతకన్నా మంచి పుస్తకం తెచ్చాను చెల్లె. అందులో ఒక మాట ఉంది. పెద్దలకు బాధైంది."

"ఏ మాట? పటేలు మనిషి తిట్టిన మాటనా?"

అవునన్నాను. ఒక ముసలామె కాయలు తెంపుతూనే అంది. "గా మాట మాకు పుస్తకం సదివితెనే తెల్సిందా బిడ్డా? మస్తు పడ్డం. కని గీ కథల గా మాట అన్నోడు ఆఖరికి సిగ్గుపడి తల దించుకుంటడు. మమ్మల్ని అన్నోడు ఎవ్వడు దించుకోలె. గందుకే నేను గా పేజీ రెండుపార్లు సదివిచ్చుకున్న."

పక్కనున్న పడుచుపిల్ల ఒప్పుకోలేదు. "నాకైతె కడుపు మండింది. రెండు దినాలు ఇననే ఇనలె. మల్ల ఏమైతదో తెల్వాలె గదా అని వచ్చిన."

మా చెల్లె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "అక్కా, నీకు పరేషాన్ ఉంటె నాకు సమజైతది. శనివారం నేనే పట్కొస్త. నాకు నలుగుట్ల, అందరి ముంగట ఇచ్చిన్రు. తీస్కునుడు గూడ నలుగుట్లనే తీస్కోండ్రి."

స్టీలు డబ్బా కూడా ముట్టలేదు. ఆ డబ్బా నిండా పల్లికాయలు పోసి నా చేతికే ఇచ్చి పంపారు.

శనివారం దుకాణంలోనే కమిటీ కూర్చుంది. హెడ్మాస్టరు గారు, బిజినేపల్లి పాస్టరుగారు, ఇంకొక పెద్దాయన. ఆ మూడో ఆయన ఎప్పుడూ ఇద్దరు ఎటుంటే అటే ఉండేవారు కాబట్టి కమిటీలో ఓట్లకు ఇబ్బంది ఉండేది కాదు. మా చెల్లె కూలి మానుకుని, వాడ నుంచి నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చినవాళ్ళు కూర్చోకముందే పాస్టరుగారు మొదలుపెట్టారు. సేవకులను నవ్వులపాలు చేసే రాత దేవుని దుకాణంలో ఉండటం ఎంత అపరాధమో చెప్పుకుపోయారు.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆమె అడిగింది. "అయ్యగారూ, ఎంతదాక సదివిన్రు?"

"ఎంతదాకేంది? కోడికాలు దాక సదివిన. సాలదా?"

"ఆఖరికి ఏమైతదో తెల్వదా మీకు?"

"ఏమైతది?"

"ఊళ్ళె గత్తర రోగం తగులుతది అయ్యగారూ. అందరు ఉరుకుతరు. పటేలు ఉరుకుతడు, కరణం ఉరుకుతడు. మన ఉపదేశి ఒక్కడే పోడు. సచ్చినోళ్ళకు గుంతలు ఆయనే తవ్వుతడు. కులం సూడడు, ఏం సూడడు. ఆఖరి గుంతల ఆయననే పెడ్తరు."

పాస్టరుగారి నోరు తెరుచుకునే ఉండిపోయింది. "సచ్చిపోతడా?"

"సచ్చిపోతడు. మేమంత ఏడ్చినం. మావోళ్ళు ఒకపూట తిననే లేదు."

పాస్టరుగారు భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "మరి గీ సంగతి ముందుగాల జెప్పరేందక్కా?" అని నా మీద విరుచుకుపడ్డారు. మొదట నవ్వింది మూడో పెద్దాయన. తర్వాత అందరం నవ్వాం, హెడ్మాస్టరు గారు తప్ప.

ఆమె పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేను చుట్టిన మెరుపు కాగితాన్నే సాపు చేసి మళ్ళీ చుట్టింది. విప్పి, మొదటి పేజీ తీసి చూపించింది.

"సార్, గీడ నా పేరున్నది, కింద మీ సంతకమున్నది. నా పేరు గిట్ల పుస్తకం మీద ఇంతవరకు ఎవ్వరు రాయలె. కూలోళ్ళ లిస్టుల రాసిన్రు, రేషన్ కార్డుల రాసిన్రు. మీరే రాసిన్రు పుస్తకంల. గిది తీస్కుంటె వాడల ఏమనుకుంటరు? గెలిచిందని ఇచ్చి, కాదని గుంజుకున్నరు అనుకుంటరు. మీకు కష్టమైన మాట అండ్ల ఉన్నది, నిజమే. మీరు పూరా సదివి గిది మనకు వద్దు బిడ్డా అంటె నేను ఇచ్చి పోత. సదివిన్రా సార్?"

బహుమానం రాసిన రోజున ఆయన కూడా పుస్తకం తెరిచింది సంతకం పెట్టడానికే. ఆయన ఆ సంతకం మీద వేలుపెట్టి చూసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మనమిద్దరం ఒక్క పరీక్షలనే ఫెయిలైనమమ్మా" అన్నారు. ఆమెతో, "నాకు వారం రోజులు ఇస్తవా బిడ్డా?" అన్నారు.

"ఇస్త సార్. పేజీలు మడవకండ్రి. మావోళ్ళు మల్ల మొదటికెళ్ళి సదవమంటున్నరు."

ఆ వారం నేనూ చదివాను, వెనక్కి వచ్చిన ప్రతుల్లోంచి ఒకటి తీసి, దుకాణంలో కూర్చునే. ఆ మాట ఉన్న పేజీ దగ్గర పుస్తకం మూసి బయటికి పోయి టీ తాగి వచ్చాను. మళ్ళీ తెరవడానికి కష్టమైంది. తెరిచినందుకు సంతోషించాను. అది మంచి పుస్తకం. అయినా మెరుపు కాగితంలో చుట్టి, లోపల ఏముందో చెప్పకుండా ఒకరి చేతిలో పెట్టాల్సిన పుస్తకం కాదు. ఈ రెండూ నిజమే.

ఏడో రోజున హెడ్మాస్టరు గారు వచ్చి, నోటుబుక్కు తీసుకుని నా దొంగ సంతకం కింద రాశారు. 'చదివాను. అభ్యంతరం ఉంది. అయినా ఉంచాలి.' అంతే. ఆ తర్వాత ఆ నవల మా దుకాణంలో నా బల్ల మీదే ఉండేది. అడిగినవాళ్ళకు లోపల ఏముందో ముందే చెప్పి ఇచ్చేదాన్ని. గద్వాలలో ఇద్దరు ముగ్గురు నా బల్ల దగ్గరికి రావడం మానేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. బిజినేపల్లి పాస్టరుగారు మాత్రం ఆ ఉపదేశి మీద ఏకంగా ఒక ప్రసంగం చేసి, నాలుగు ఊళ్ళను ఏడిపించారు. కోడికాలు సంగతి అందులో ఎత్తలేదని విన్నాను.

ఇక బహుమానం మాట. పుస్తకం నాతో పంపించేస్తారనుకున్నాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకోలేదు. "నలుగుట్ల అడిగినం, నలుగుట్లనే ఇయ్యాలె" అని, ఆ ఆదివారం నన్నూ పాస్టరుగారినీ వెంటబెట్టుకుని పాన్‌గల్ వైపు బయల్దేరారు. చిన్న రేకుల చర్చి, కిక్కిరిసిపోయింది. ఆరాధన అయ్యాక ఆయన లేచి, దగ్గి, ఆమెను పేరు పెట్టి ముందుకు పిలిచారు.

"పోయినసారి గీ పుస్తకం సదవకుండ ఇచ్చిన. సదవకుండనే మల్ల అడిగిన. రెండూ నా తప్పే. గిండ్ల ఒక మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పడొద్దు గూడ. కని గా మాట పడ్డోళ్ళు ఎట్ల నిలవడ్డరో గూడ గిండ్లనే ఉన్నది. ప్రథమ బహుమానం ఈమెదే. ఇయ్యాల సదివి ఇస్తున్న."

పల్లికాయల కుప్ప దగ్గరి ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూనే ఉన్నారు, పాస్టరుగారు చేతులు తల పైకెత్తి మరీ కొట్టారు. ఆమె రెండు చేతులా పుస్తకం అందుకుని, వెనక్కి పోకుండా అక్కడే నిలబడింది.

"సార్, ఒక్క పోటీకి రెండుసార్లు ఫస్టొచ్చినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

హెడ్మాస్టరు గారు నవ్వారు. పళ్ళు కనబడేలా, భుజాలు ఊగేలా నవ్వారు.

"లేరు బిడ్డా, నువ్వొక్కదానివే" అన్నారు.